"మాకు తెలియదు" అనే మాట చెల్లకుండా చేయడం: ఊరి రోడ్డు భద్రత కోసం ప్రభుత్వాన్ని అడిగే పద్ధతి

మా ఊరి చివర మలుపు మీద ఒక కల్వర్టు ఉంది. దాని ఒక పక్క పిట్టగోడ ఎప్పుడో కూలిపోయింది. పక్కనే కరెంటు స్తంభం ఉంది గానీ దానికి దీపం లేదు. ఒక తెల్లవారుజామున మా వీధికి పాలు పోసే ఆయన మోటారు సైకిలుతో సహా అందులో పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. ఆ రోజు ఊరంతా ఆవేశంగా మాట్లాడింది. వారం తిరిగేసరికి ఆ మాటే ఎత్తేవాళ్లు లేరు.

నేను ఒక అర్జీ రాసుకుని మూడు ఆఫీసులు తిరిగాను. రెండు చోట్ల "ఇది మా రోడ్డు కాదు" అన్నారు. మూడో చోట కాగితం తీసుకున్నారు, రసీదు మాత్రం ఇవ్వలేదు. ఆరు నెలల తర్వాత వెళ్లి అడిగితే అలాంటి అర్జీ ఏదీ తమ రికార్డులో లేదన్నారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి, ఈసారి పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. అక్కడి నుంచి పద్నాలుగు నెలలకు గోడ లేచింది. ఆ మధ్యలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎవరికైనా పనికొస్తుంది. రోడ్డుకే కాదు, వీధి దీపానికి, మూత లేని మ్యాన్‌హోల్‌కు, పొంగే మోరీకి కూడా.

ముందు ఒక చట్టం సంగతి చెప్పాలి. మిగతా పనులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డును డిజైన్ చేసిన, కట్టిన, నిర్వహిస్తున్న అధికార సంస్థ గానీ, కాంట్రాక్టరు గానీ, కన్సల్టెంటు గానీ భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. లక్ష పెద్ద మొత్తం కాదని నాకూ తెలుసు. కానీ ఆ సెక్షన్‌లో ఇంకో విషయం ఉంది. తప్పు ఉందో లేదో తేల్చేటప్పుడు కోర్టు చూడాల్సిన అంశాల్లో ఒకటి ఇది: అక్కడ ప్రమాదం ఉందని ఆ అధికారులకు ముందే తెలుసా, లేక తెలిసి ఉండాల్సిందా?

తేదీ, ఇన్‌వార్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు రిజిస్టరులో వేసే నంబరు) ఉన్న మీ అర్జీ విలువ ఇక్కడే ఉంది. ఆ ముద్ర పడిన రోజు నుంచి "మాకు తెలియదు" అనడానికి వాళ్లకు వీలుండదు. అందుకే అర్జీ ఇవ్వడాన్ని బతిమాలుకోవడంగా చూడకండి. మీరు ఒక ప్రభుత్వ రికార్డు తయారు చేస్తున్నారు.

మొదటి పని: ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

సగం అర్జీలు ఇక్కడే ఆగిపోతాయి. మన కంటికి అన్నీ ఒకేలాంటి తారు రోడ్లు. కాగితాల మీద మాత్రం ఒక్కో దానికి ఒక్కో యజమాని. జాతీయ రహదారి అయితే కేంద్ర సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చేతిలో గానీ, రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)లోని జాతీయ రహదారుల విభాగం చేతిలో గానీ ఉంటుంది. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు ఆర్ అండ్ బీవి. పల్లెల మధ్య రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. ఊరి లోపలి సీసీ రోడ్డు పంచాయతీది, పట్టణంలో అయితే మున్సిపాలిటీది.

దగ్గర్లో కిలోమీటరు రాయి ఉంటే దాని నెత్తి రంగు చూడండి. పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ రంగు అయితే గ్రామీణ రోడ్డు. నలుపు లేదా నీలం అయితే జిల్లా లేదా నగర రోడ్డు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు మొదట్లో పని వివరాలతో బోర్డు ఉంటుంది. దాన్ని తప్పకుండా ఫొటో తీసుకోండి. ఆ రోడ్లను వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్ల పాటు నిర్వహించాలి. పని పూర్తయిన తేదీ ఆ బోర్డు మీద కనిపిస్తే మీకు సగం దారి దొరికినట్టే.

ఒకే రోడ్డు మధ్యలో చేతులు మారడం కూడా ఉంటుంది. పట్టణం పొలిమేర దాకా ఆర్ అండ్ బీ, అక్కడి నుంచి మున్సిపాలిటీ. సరిగ్గా ఆ అతుకు దగ్గరే గుంతలు ఎక్కువ, ఎందుకంటే అది ఇద్దరిదీ, ఎవరిదీ కాదు. వీధి దీపాల్లోనూ ఇదే తికమక. స్తంభం కరెంటు కంపెనీది, దీపం పంచాయతీది లేదా మున్సిపాలిటీది. దీపం వెలగకపోతే స్తంభం మీది నంబరు రాసుకుని పంచాయతీ కార్యదర్శిని అడగాలి. వైరు వేలాడుతున్నా, స్తంభం ఒరిగినా కరెంటు వాళ్ల 1912కు ఫోన్ చేయాలి.

రెండో పని: సాక్ష్యం

ఫోన్‌లో లొకేషన్, తేదీ, సమయం ఫొటో మీదే పడే కెమెరా యాప్‌లు ఉన్నాయి. అలాంటిది ఒకటి వేసుకోండి. గుంత లోతు తెలియడానికి దాంట్లో స్కేలు గానీ, లీటరు నీళ్ల సీసా గానీ పెట్టి తీయండి. పగలు ఒకటి, రాత్రి ఒకటి, వాన పడ్డాక ఒకటి. రాత్రి ఫొటో చాలామంది తీయరు. మా కల్వర్టు విషయంలో పని చేసింది అదే. పగటి ఫొటోలో అది విరిగిన గోడలా కనిపిస్తుంది. రాత్రి ఫొటోలో అక్కడ అసలేమీ కనిపించదు, రోడ్డు నేరుగా వెళ్తున్నట్టే ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ల మీద ఒక మాట. ఊళ్లలో ఎవరికి వాళ్లు కంకర పోసి కట్టేస్తుంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం మామూలు ట్రాఫిక్ తిరిగే చోట అది బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి గుండ్రంగా వాలాలి. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి, పైన రంగు వేయాలి. టేపు పెట్టి కొలిచి రాసుకోండి. "ఎత్తుగా ఉంది" అని రాసే బదులు "22 సెంటీమీటర్లు ఉంది, బోర్డు లేదు" అని రాస్తే ఇంజనీరు దాన్ని పక్కన పెట్టలేడు.

మూడో పని: జరిగిన ప్రమాదాలను లెక్కలోకి ఎక్కించండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే.

జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో గత 3 ఏళ్లలో మరణాలు గానీ తీవ్ర గాయాలు గానీ ఉన్న ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతే, దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. గుర్తించాకే సర్వే, డిజైన్, నిధులు. మరి ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? పోలీస్ స్టేషన్ నుంచి. ఇప్పుడు ప్రమాద వివరాలను ఐరాడ్ అనే జాతీయ డేటాబేస్‌లో పోలీసులే నమోదు చేస్తున్నారు. ఐఐటీ మద్రాసు, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ కలిసి తయారు చేసిన వ్యవస్థ అది.

మా పాలాయన కేసు ఆ లెక్కలో లేదు. ఎందుకంటే ఎవరూ స్టేషన్‌కు వెళ్లలేదు. "మనిషి దక్కాడు, చాలు" అనుకున్నారు. అంతకు ముందు అదే చోట రెండు బండ్లు గుద్దుకుంటే పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఊరి వాళ్లను అడిగి ఒక నోట్‌బుక్‌లో రాస్తే ఆ మలుపు దగ్గర నాలుగేళ్లలో తొమ్మిది ప్రమాదాలు తేలాయి. పోలీసు రికార్డులో ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కటి చూపించి ఆఫీసులో "అక్కడ పెద్దగా ప్రమాదాలేమీ లేవు" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మనమే వాళ్లకు చెప్పలేదు.

అందుకని ప్రమాదం జరిగిన ప్రతిసారీ 112కు గానీ 108కి గానీ ఫోన్ చేయండి. సమయంతో సహా రికార్డు అవుతుంది. గాయం అయితే ఫిర్యాదు ఇవ్వండి, అందులో స్థలాన్ని కచ్చితంగా రాయించండి. "ఫలానా ఊరి దగ్గర" అని రాస్తే చాలదు. "ఫలానా కిలోమీటరు రాయి నుంచి ఇన్ని మీటర్లకు, పిట్టగోడ లేని కల్వర్టు దగ్గర" అని ఉండాలి. రోడ్డు లోపం ఆ ఫిర్యాదులోనే కనిపించాలి. గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చినందుకు పోలీసులు మిమ్మల్ని వేధించకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. అదే మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. ఆ భయంతో ఎవరినీ రోడ్డు మీద వదిలేయవద్దు.

లెక్క నిండేదాకా ఆగమని మాత్రం నేను చెప్పను. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు మీద స్కూలు బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా చిన్నపిల్లలు పోయారు. దేశంలో బ్రాడ్ గేజ్ మార్గాల మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి తీసేశారు. అంటే అది చేయగలిగిన పనే. ఆ పిల్లలకు మాత్రం ఆలస్యమైంది. మీ నోట్‌బుక్‌లోని తొమ్మిది ప్రమాదాలను, పోలీసు లెక్కలో లేకపోయినా, తేదీలతో అర్జీకి జత చేయండి.

నాలుగో పని: అర్జీ

ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. రోడ్డు, నీళ్లు, పింఛను అన్నీ ఒకే కాగితంలో రాస్తే అది మూడు శాఖల మధ్య తిరిగి తిరిగి పోతుంది. ఒక పేజీ చాలు. ఇలా రాయవచ్చు:

"ఫలానా రోడ్డు, ఫలానా కిలోమీటరు దగ్గర కల్వర్టుకు ఎడమ పక్క 6 మీటర్ల మేర పిట్టగోడ లేదు. రాత్రి దీపం లేదు. జత చేసిన జాబితా ప్రకారం ఇక్కడ తొమ్మిది ప్రమాదాలు జరిగాయి. శాశ్వతంగా గోడ కట్టే లోపు వారం రోజుల్లో రిఫ్లెక్టర్ స్తంభాలు, హెచ్చరిక బోర్డు పెట్టవలసిందిగా కోరుతున్నాము. ఇక్కడ ప్రమాదం ఉన్నట్టు ఈ అర్జీ ద్వారా మీ దృష్టికి తెస్తున్నాము. మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్‌ను గమనించగలరు. తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపగలరు."

తాత్కాలిక రక్షణ సంగతి అందులో ఎందుకు పెట్టానో చెప్తాను. శాశ్వత పనికి ఎస్టిమేటు కావాలి, మంజూరు కావాలి, టెండరు కావాలి. కొన్నిసార్లు భూసేకరణ, కోర్టు కేసులు. చేవెళ్ల దారినే చూడండి. ఆ రోడ్డు విస్తరణ భూసేకరణ, మర్రిచెట్ల కేసు మధ్య ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొంటే 19 మంది చనిపోయారు. చెట్లూ కావాలి, రోడ్డూ కావాలి, అలాంటి తగవు తెగడానికి టైమ్ పట్టవచ్చు. కానీ ఈలోపు వేగం తగ్గించే ఏర్పాట్లు, మలుపుల దగ్గర బోర్డులు, ఓవర్‌లోడ్ టిప్పర్ల మీద తనిఖీలు పెట్టడానికి ఏ కోర్టూ అడ్డు చెప్పదు. "పెద్ద పని ఆగింది" అని చెప్పినప్పుడు "సరే, అప్పటిదాకా ఏం చేస్తున్నారు?" అని అడగండి.

అర్జీని నేరుగా ఇస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. ఇవ్వనంటే వాదనకు దిగకుండా బయటికి వచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇస్తే ఆన్‌లైన్ నంబరు వస్తుంది. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయవచ్చు, రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టవచ్చు. గ్రామ సడక్ యోజన రోడ్డుకు మేరీ సడక్ యాప్ ఉంది. పంచాయతీ రోడ్డు అయితే గ్రామసభలో తీర్మానం చేయించి, తీర్మానం నకలు తీసుకోండి. ఒక్కరి పేరుతో కన్నా ఇరవై మంది సంతకాలతో ఇవ్వడం మంచిది. బరువు ఉంటుంది, ఒక్కరి మీద ఒత్తిడి పడదు.

వేళ కూడా చూసుకోండి. వానల్లో తారు పని చేయరు. ఆగస్టులో అడిగితే గుంతలో కంకర, మట్టి పోసి వెళ్తారు. ఆగస్టు ఫొటోలతోనే అర్జీ ఇచ్చి, వానలు తగ్గేలోపు ఎస్టిమేటు మంజూరయ్యేలా వెంటపడితే చలికాలంలో అసలు పని జరుగుతుంది.

ఐదో పని: సమాచార హక్కు

నెల రోజులు చూడండి. జవాబు లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి.

"రోడ్డు ఎందుకు బాగు చేయలేదు?" అని రాస్తే "ఇది సమాచారం కిందికి రాదు" అని తిప్పి పంపుతారు. కాబట్టి ఎందుకు అని అడగకండి, కాగితం అడగండి. ఇలా:

ఫలానా భాగం ఏ విభాగం నిర్వహణలో ఉంది, దానికి బాధ్యులైన ఇంజనీర్ల (ఏఈ, డీఈ, ఈఈ) పేర్లు, హోదాలు. గత 5 ఏళ్లలో అక్కడ చేసిన పనుల ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం బుక్ నకళ్లు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఏ తేదీకి ముగుస్తుంది. ఫలానా తేదీన, ఫలానా ఇన్‌వార్డ్ నంబరుతో నేను ఇచ్చిన అర్జీ ఫైలులోని నోట్‌షీటు నకలు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ గత ఏడాది సమావేశాల మినిట్స్.

ఎం బుక్ అంటే పని కొలతల పుస్తకం. ఎన్ని మీటర్లు వేశారు, ఎంత మందం వేశారు అన్నది అందులో రాసి, దాని మీదే బిల్లు చెల్లిస్తారు. దాంట్లో ఉన్నదీ, మీరు టేపుతో కొలిచిందీ తేడా వస్తే ఇక మీరు గట్టిగా అరవాల్సిన పని లేదు. ఈ చట్టంలోనే 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు.

డిఫెక్ట్ లయబిలిటీ గడువు లోపల పాడైతే కాంట్రాక్టరు తన ఖర్చుతోనే బాగు చేయాలి. "నిధులు లేవు" అనే జవాబు అప్పుడు పనికిరాదు.

రోడ్డు ఎవరిదో ముందే తేలకపోయినా దరఖాస్తు పెట్టవచ్చు. తమది కాకపోతే 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకు బదిలీ చేయాల్సిన బాధ్యత 6(3) సెక్షన్ కింద వాళ్లదే. మా రోడ్డు యజమాని నాకు తెలిసింది అలాగే. ఆ బదిలీ లేఖ వచ్చాక "మాది కాదు" అనే మాట మళ్లీ వినలేదు.

గడువులో జవాబు రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. కారణం లేకుండా ఆపిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయగలదు. అది ఆయన సొంత జేబులోంచి పోతుంది. కమిషన్ దగ్గర ఆలస్యం అవుతుంది, ఓపిక పట్టాలి. చాలా ఫైళ్లు మొదటి అప్పీలు దగ్గరే కదులుతాయి.

ఆరో పని: అయినా కదలకపోతే

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరు అధ్యక్షులు. పోలీసు, రవాణా, ఇంజనీరింగ్ శాఖల అధికారులు ఒకే గదిలో కూర్చునే చోటు అది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు రోడ్డు భద్రత మీద ఇచ్చిన ఆదేశాల్లో జిల్లా కమిటీలూ ఉన్నాయి. మీ మలుపును ఎజెండాలో పెట్టమని కలెక్టరుకు, ఎస్పీకి రాయండి. ఒక శాఖ ఇంకో శాఖ మీదికి నెట్టే సమస్యకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

మూత లేని మ్యాన్‌హోల్, తవ్వి వదిలేసిన గుంట లాంటి వాటికి ఇంకో దారి ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 సెక్షన్ కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆయన సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆ ప్రమాదాన్ని తొలగించమని, గుంటకు కంచె వేయమని ఆదేశించగలరు. పాత చట్టంలో ఇదే 133 సెక్షన్. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు బాధ పడలేక జనం ఈ దారినే పట్టారు. మున్సిపాలిటీ డబ్బు లేదంది. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇస్తూ, డబ్బు లేదన్న సాకుతో ప్రజల పట్ల ఉన్న చట్టబద్ధమైన బాధ్యత నుంచి తప్పించుకోలేరని చెప్పారు. నలభై ఏళ్లు దాటినా ఆ తీర్పు మనకు అండగానే ఉంది.

పారిశుద్ధ్యం, వీధి వెలుగు, నీటి సరఫరా లాంటి సేవలకు జిల్లాలోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు. దరఖాస్తు రాయడానికి సాయం కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. హైకోర్టు ఆఖరి మెట్టు. అక్కడికి వెళ్లాల్సి వస్తే ఇప్పటిదాకా దాచిన రసీదులే మీ బలం. గుంతల వల్ల, మూత లేని మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయిన వారి కుటుంబాలకు 6 లక్షల రూపాయలు ఇవ్వాలని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. అది మహారాష్ట్రకు వర్తించే తీర్పే అయినా మన లాయర్లు ఇక్కడ చూపించడానికి పనికొస్తుంది.

ఒక సందేహం చాలామంది అడుగుతారు: ఇంత తిరిగే బదులు మనమే చందాలు వేసుకుని పూడ్చుకోవచ్చు కదా? హైదరాబాద్‌లో రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన గంగాధర్ తిలక్ కాట్నం గారు ఏళ్ల తరబడి తన చేతులతో గుంతలు పూడుస్తూ వచ్చారు. ఆయనంటే నాకు గౌరవం. ప్రాణం కాపాడే పని ఎవరు చేసినా మంచిదే. అత్యవసరమైతే మీరూ చేయండి. కానీ పూడ్చే ముందు ఫొటో తీసి అర్జీ ఇచ్చాకే చేయండి. లేదంటే ఆ గుంత అసలు ఉన్నట్టే రికార్డు ఉండదు.

ఏడో పని: పని జరుగుతున్నప్పుడు అక్కడ ఉండండి

మంజూరైందని తెలియగానే ఊపిరి పీల్చుకుని వదిలేయకండి. ఎస్టిమేటు కాపీ చేతిలో పెట్టుకుని వెళ్లండి. కూలీలతో గొడవ పెట్టుకోవద్దు, వాళ్ల తప్పేమీ ఉండదు. కొలతలు చూడండి, ఫొటోలు తీయండి, తేడా ఉంటే ఏఈకి ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. మా కల్వర్టు దగ్గర మొదట ఒక పక్కే గోడ మొదలుపెట్టారు. ఎస్టిమేటులో రెండు పక్కలా ఉంది. కాగితం చూపిస్తే మేస్త్రీనే డీఈకి ఫోన్ చేసి అడిగాడు. రెండో పక్క కూడా లేచింది.

ఇప్పుడు ఆ గోడకు పసుపు, నలుపు చారలు వేశారు, స్తంభానికి దీపం వెలుగుతోంది. పాలాయన కర్ర సాయంతో నడుస్తాడు, పాలు వాళ్ల అబ్బాయి పోస్తున్నాడు. ఆ గోడ డిఫెక్ట్ లయబిలిటీ గడువు ముగిసే తేదీని నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను. అంతకు ముందు వచ్చే చివరి వానాకాలంలో టేపు, ఫోన్ పట్టుకుని మళ్లీ వెళ్లాలి. పగుళ్లు ఉంటే గడువు లోపలే అర్జీ పడాలి.